వోల్ట్ మీటరు కోసం ఫ్రేముకి బెజ్జం వేయించొచ్చా?

గట్టు మీద రైతు (మొగల్తూరు):
అందరికీ నమస్కారమండి. రొయ్యల చెరువులు చూసుకుంటాను. రాత్రి రెండింటికి లేచి, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడటానికి బుల్లెట్ మీద వెళ్తుంటాను. గట్టు కనపడటానికి ముందు రెండు ఎక్స్‌ట్రా లైట్లు వేయించాను. పోయిన నెల ఒక రాత్రి బ్యాటరీ మొత్తం దిగిపోయి, సెల్ఫు కొడితే టక్కుమని ఊరుకుంది. కిక్కు లేని మోడలు. చిమ్మచీకట్లో కిలోమీటరున్నర తోసుకొచ్చాను. అందుకే ఛార్జింగు కంటికి కనపడాలని చిన్న గుండ్రటి వోల్ట్ మీటరు కొన్నాను. హ్యాండిల్ మీద అద్దాలు, ఫోన్ స్టాండు, స్విచ్చులు పోగా చోటు లేదు. ట్యాంకు ముందు ఫ్రేముకి బెజ్జం వేసి బోల్టు బిగిస్తానని, కాదంటే పట్టీ వెల్డింగ్ చేస్తానని మా మెకానిక్ అంటున్నాడు. చేయించొచ్చా?

అమలాపురం షెడ్డు:
రెండూ వద్దండి. ఆ హెడ్డు, అంటే హ్యాండిల్ తిరిగే చోటు, దగ్గర గొట్టం మీదే ముందు చక్రం దెబ్బలన్నీ పడేది. బ్రేకు కొట్టినా, గుంతలో దిగినా ముందు దెబ్బ తినేది అదే. అక్కడ బెజ్జం వేస్తే ఆ అంచు నుంచే పగులు మొదలవుతుంది.

పైగా మనది ఉప్పుగాలి. పోయిన వానాకాలం నా దగ్గరికి ఒక బండి వచ్చింది. ఎవరో హారను కోసం ముందు గొట్టానికి బెజ్జం వేశారు. పెయింటు మీద వెంట్రుకంత గీత, అంతే. గోటితో గీరితే ఎర్రటి పొడి రాలింది. బోల్టు తీసి బండి వంచితే బెజ్జంలోంచి తుప్పు నీళ్లు కారాయి. బయట తుప్పు అయితే గీకి రంగేస్తాం. గొట్టం లోపలిది ఎలా గీకుతామండీ? ఆ బండాయన ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని రోజూ స్కూలుకి తిరిగాడు. తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది నాకు.

భీమవరం బండి:
గురువుగారూ, బెజ్జం సంగతి ఒప్పుకుంటాను. వెల్డింగ్‌కి అంత భయం దేనికండీ? ఫ్రేమంతా వెల్డింగే కదా. నా బండికి చిన్న పట్టీ అతికించి ఎనిమిదేళ్లయింది, చెక్కు చెదరలేదు. గొట్టం చుట్టూ బిగించే క్లాంపు వేస్తే మాత్రం నెల తిరక్కుండా జారింది. కాలవ గట్టు గతుకులకి మీటరు తిరగబడి వైరు తెగింది. ఆ బాధ నేనే పడ్డాను.

అమలాపురం షెడ్డు:
కంపెనీ వెల్డింగ్ వేరండి. వాళ్లు అంతా అతికాక రంగేస్తారు. మనం రంగేసిన గొట్టం మీద అతికిస్తే ఆ వేడికి లోపలి పూత కాలిపోతుంది, అతుకు పక్కన ఇనుము గుణం మారుతుంది. మీది ఎనిమిదేళ్లు నిలిచిందంటే సంతోషమే, అది చేసినాయన చేతి చలవ. కానీ రైతుగారిది సెల్ఫు బండి. బ్యాటరీ తీగలు విప్పకుండా వెల్డింగ్ పెడితే ఇంజనుని నడిపించే కంట్రోల్ యూనిట్ పోయే ప్రమాదం ఉంది. చాలా బండ్లకి ఛాసిస్ నంబరు ఆ హెడ్డు మీదే కొడతారు. అది చెరిగితే బండి అమ్మేటప్పుడు ఆర్టీఏ ఆఫీసులో ఏం చెప్తారు? ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనే చెప్తోంది.

మీ క్లాంపు జారింది ఉత్త ఇనుము మీద ఇనుము వేసినందుకు. సైకిల్ ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టి, దాని మీద క్లాంపు వేసి, లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు బిగించండి. జారదు, మీటరుకి అదురూ తగ్గుతుంది.

పాలకొల్లు నుంచి:
నా మాట వేరేనండి. అసలు ఫ్రేము మీదే వద్దు. రాత్రి చించినాడ బ్రిడ్జి మీద లారీ ఎదురొస్తుంటే తల దించి ట్యాంకు దగ్గర అంకె చూడగలమా? ఫోన్ స్టాండు పీకేసి హ్యాండిల్ మీద పెట్టండి.

అమలాపురం షెడ్డు:
చూపు విషయంలో మీరు చెప్పింది నిజమే. కాకపోతే వోల్ట్ మీటరు క్షణక్షణం చూసేది కాదు కదండీ. హ్యాండిల్ మీద పెడితే తిప్పినప్పుడల్లా వైరు మెలిపడి, కొన్నాళ్లకి లోపల రాగి తెగొచ్చు. ఫ్రేము కదలదు, వైరూ కదలదు.

గట్టు మీద రైతు (మొగల్తూరు):
అందరికీ ధన్యవాదాలండి. నిన్న క్లాంపే వేయించాను, కింద ట్యూబు చుట్టి. బిగించే ముందు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాం. ఎడమ వైపు ఫోర్కుకి తగులుతుంటే అర అంగుళం వెనక్కి జరిపాం. వైరు నేరుగా బ్యాటరీకి కాకుండా తాళం తిప్పాక కరెంటొచ్చే లైనుకి ఇచ్చి, మధ్యలో ఫ్యూజు వేశాం. లేకపోతే బండి ఆపాక కూడా మీటరే బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తుందట.

రాత్రి చూశాను. ఇంజను స్టార్ట్ చేయకముందు 12.6 వోల్టులు. నడుస్తుంటే 14 దాకా వెళ్లింది. గట్టు మీద ఆగి, ఇంజను స్లోలో ఉంచి రెండు లైట్లూ వేస్తే 12.2కి దిగింది. బ్యాటరీ ఎక్కడ ఖాళీ అవుతోందో అప్పుడు తెలిసింది. ఏరేటర్లు చూసేటప్పుడు లైట్లు వేసే ఉంచి పావుగంట నిలబడేవాణ్ణి. ఒక లైటు ఆపితే మళ్లీ 13 దాటింది.

భీమవరం బండి:
వారం తర్వాత ఆ నట్టు ఒకసారి చూసి, జారిందో లేదో ఇక్కడే రాయండి. జారకపోతే నేనూ ట్యూబు చుట్టి చూస్తాను.