స్కేల్ టూ వదులుకుంటే ఆశ లేనట్టేనా?

గోదావరి గట్టు: ప్రభుత్వ రంగ బ్యాంకులో ఏడేళ్లుగా స్కేల్ వన్, అంటే తొలి మెట్టు అధికారిగా పనిచేస్తున్నాను. ఈసారి స్కేల్ టూ, అంటే మేనేజరు ప్రమోషన్ జాబితాలో పేరు వచ్చింది గానీ, పోస్టింగు రాష్ట్రం దాటించి వేశారు. వదులుకుందామా అని అడిగితే, ఆడవాళ్లకు మేనేజరు కుర్చీ మీద ఆశ ఉండదని ఒక పెద్దాయన నవ్వారు. వెళ్లినవారు, వదులుకున్నవారు మీ అనుభవం చెప్పగలరా?

పాత లెడ్జర్: ముప్పయ్యొక్క ఏళ్లు సర్వీసు చేసి, ఇంటర్వ్యూ బోర్డులలోనూ కూర్చున్నాను. బదిలీకి సిద్ధపడనివారు కుర్చీ కోరుకోకూడదు. అరుంధతీ భట్టాచార్య గారు 1977లో ప్రొబేషనరీ అధికారిగా చేరి, ఊరూరూ తిరిగి, 2013లో ఎస్‌బీఐకి తొలి మహిళా అధిపతి అయ్యారు.

తాళాల గుత్తి: పిల్లల కోసం, పెద్దల కోసం మహిళా ఉద్యోగులకు రెండేళ్ల సెలవు ఆవిడ హయాంలోనే వచ్చిందన్న సంగతి మీరు చెప్పరు. నేను గ్రామీణ శాఖకు వెళ్లాను. స్ట్రాంగ్ రూము తాళాలు నా దగ్గర ఒకటి, హెడ్ క్యాషియర్ దగ్గర ఒకటి ఉండేవి. ఇద్దరమూ రానిదే తలుపు తెరుచుకోదు కనుక, బిడ్డకు జ్వరం వచ్చిన రోజున కూడా టిఫిన్ సంచిలో తాళం వేసుకుని మొదటి బస్సు ఎక్కాను.

పాత లెడ్జర్: తాళం టిఫిన్ సంచిలోనా! సెలవు పెట్టి, రిజిస్టరులో రాసి మరొకరికి అప్పగించాలని తెలియదా?

తాళాల గుత్తి: అప్పగించడానికి మా శాఖలో రెండో అధికారి ఉండాలి కదా. మీ బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో ఆ రిజిస్టరులో రాశారా?

పాత లెడ్జర్: వ్యక్తిగత విషయాలు వద్దు. నిబంధన నిబంధనే.

కరీంనగర్ క్యాష్ కౌంటర్: వీలైనంతవరకు మహిళలను భర్త ఉన్నచోటికి, పెళ్లి కానివారిని తల్లిదండ్రులున్నచోటికి దగ్గరగా వేయాలని 2014లో కేంద్రం బ్యాంకులకు సూచించింది. మా దగ్గర దూరపు బదిలీలు మగవారికే పడుతున్నాయి. అయినా నా భార్య ఉద్యోగం కోసం నేను ప్రమోషన్ వదులుకుంటే నన్ను ఇల్లరికపుటల్లుడన్నారు.

నెల్లూరు నిమ్మ: ఆ సూచన పేరుతోనే నన్ను ఊళ్లో ఉంచి, శాఖ ఇవ్వకుండా ఆఫీసు బల్ల ముందు కూర్చోబెట్టారు. తరువాత ఇంటర్వ్యూలో, శాఖ నడిపిన అనుభవం లేదన్నారు. వ్యాపార లక్ష్యాల మీద ఒక్క ప్రశ్న వేసి, మావారి ఉద్యోగం మీద మూడు వేశారు. లెడ్జర్ గారూ, మీ బోర్డులో మగవారిని ఇలా అడిగేవారా?

గోదావరి గట్టు: చేరవలసిన గడువు శుక్రవారంతో ముగుస్తుంది. తాళాల గుత్తి గారూ, ఆ రోజు బిడ్డను ఎవరి దగ్గర వదిలారు?

తాళాల గుత్తి: మా ఇంటి ఎదుట జిరాక్సు దుకాణం నడిపే ఆవిడ దగ్గర వదిలానమ్మా. మీరు వెళ్లే ఊళ్లో ఇల్లు చూసేముందు అలాంటి మనిషిని చూసుకోండి.