సైడ్‌కార్ బండి ఎడమకి లాగుతోంది, తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే అండి, మాది శ్రీకాకుళం. మోకాళ్ల నొప్పులతో అమ్మ బైక్ వెనక కూర్చోలేకపోతోందని మా పాత బుల్లెట్‌కి ఎడమవైపు సైడ్‌కార్ (బైక్ పక్కన బిగించే, ఒక చక్రం ఉండే సీటు) పెట్టించాను, ఆర్సీలో కూడా రాయించాను. మొన్న ఆదివారం అరసవల్లిలో దర్శనం చేసుకుని కళింగపట్నం దాకా వెళ్లాం. వంశధార సముద్రంలో కలిసే చోటు చూసి అమ్మ ముఖం వెలిగిపోయింది. దారి పొడవునా పిల్లలు చేతులూపుతూనే ఉన్నారు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాను, ఇంత ఆనందం ఎప్పుడూ లేదు.

కానీ నడపడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తోంది. బండి వంగదు కదా, మలుపులో హ్యాండిల్ బలంగా తిప్పాలి. యాక్సిలరేటర్ ఇస్తే ఎడమకి, బ్రేక్ వేస్తే కుడికి లాగుతోంది. అది కొంత మామూలే. ఒకే వేగంతో తిన్నగా పోతున్నా ఎడమకే పోతోంది, అదే అర్థం కావట్లేదు. సైడ్‌కార్ చక్రాన్ని కాస్త లోపలికి తిప్పాలా, బైక్‌ని కొంచెం బయటికి వంచి బిగించాలా? ఇద్దరు మెకానిక్‌లు రెండు రకాలుగా చెప్పారు.

అమ్మ లేనప్పుడు ఎడమ మలుపులో ఆ చక్రం నేల మీంచి లేస్తోంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఇసుక బస్తా ఎంత బరువుది వేయాలి? ఇటు, లేదా విజయనగరం వైపు ఈ పని తెలిసిన పాత మెకానిక్ ఉంటే చెప్పండి. సంక్రాంతికి రామతీర్థం తీసుకెళ్తానని అమ్మకి మాటిచ్చాను.