2^67 − 1 కారణాంకాలు రెండూ 134తో భాగిస్తే శేషం 1 ఎందుకొస్తుంది?

అందరికీ నమస్కారం, మాది గుంటూరు, బీఎస్సీ మ్యాథ్స్ చదువుతున్నా. 2^67 − 1 అంటే 147573952589676412927, దీన్ని 1644లో మెర్సెన్ ప్రధాన సంఖ్యల లిస్టులో పెట్టాడు, కానీ 1903లో కోల్ దీన్ని 193707721 × 761838257287 అని విడగొట్టి చూపించాడు. చేత్తో ఎలా చేశాడో గానీ ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఈ రెండిట్లో ఒక్కోదాంట్లోంచి 1 తీసేసి 134తో, అంటే 67కి రెట్టింపుతో భాగిస్తే 1445580, 5685360129 వస్తున్నాయి, శేషం సున్నా. ఇదేదో కాకతాళీయం అనుకుని చిన్నవి కూడా చూశా. 2^11 − 1 = 23 × 89, అక్కడ 22తో అంతే. 2^23 − 1 = 47 × 178481, అక్కడ 46తోనూ అంతే.

ప్రూఫ్ ట్రై చేశా. కారణాంకం 'ప' అనే ప్రధాన సంఖ్య అనుకుంటే 2^67ని పతో భాగిస్తే శేషం 1, ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2^(ప−1)కి కూడా శేషం 1, ఇక్కడిదాకా ఓకే. ప బేసి కాబట్టి ప−1 సరి సంఖ్య, సో 2 సంగతి తేలిపోయింది. 67 దగ్గరే ఆగిపోయా, లెక్చరర్ నోట్స్‌లో "కావున" అని ఒక్క లైన్లో దాటేశారు, రెండు పుస్తకాలు తిరగేసినా అదే.

పై రెండు శేషాల నుంచి 67 కచ్చితంగా ప−1ని భాగించాలని ఎలా వస్తుంది, ఆ ఒక్క స్టెప్ ఎవరైనా వివరంగా చెప్తారా?