స్కాట్లాండ్‌లో 2014 నుంచి ఉన్న మనవాళ్లు కాస్త చెప్తారా?

మేం డండీకి కొత్త. 2014 సెప్టెంబరు 18 రెఫరెండంలో స్కాట్లాండ్ మొత్తం మీద 55 శాతం బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వద్దన్నా, ఈ ఊళ్లో 57 శాతం కావాలన్నారు. మా వీధిలో ఒక కిటికీకి వెలిసిపోయిన నీలం ‘యెస్’ స్టిక్కర్ ఇంకా ఉంది. పక్కింటి పెద్దాయన, ఆయన తమ్ముడు ఆ ఓటు దగ్గరే మాటలు మానేశారు. ఇద్దరూ మాకు బాగా కావలసినవాళ్లు, పాప పుట్టినరోజుకి ఇద్దరినీ పిలవాలని ఉంది. ఇక్కడ ఉంటున్న కామన్వెల్త్ పౌరులకూ అప్పుడు ఓటుంది కాబట్టి మీలో కొందరు వేసే ఉంటారు. బ్రెగ్జిట్, లండన్ ఒప్పుకోకుండా స్కాట్లాండ్ మళ్లీ రెఫరెండం పెట్టలేదన్న 2022 యూకే సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఈ పట్టింపులు తగ్గాయా, ముదిరాయా? ఒకేసారి పిలిస్తే వాళ్లని ఇబ్బంది పెట్టినట్టవుతుందా? నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.