స్ట్రీట్ ట్రయల్స్ సైకిల్‌కి రిజిడ్ ఫోర్క్ తీసేసి 100 మి.మీ. సస్పెన్షన్ వేయొచ్చా?

కర్బ్26:
అందరికీ నమస్తే. బండి 26 అంగుళాల స్ట్రీట్ ట్రయల్స్ సైకిల్ (మెట్లు, గోడలు, రెయిళ్ల మీద విన్యాసాలకి వాడేది), క్రోమోలీ (ఉక్కు మిశ్రమం) ఫ్రేమ్. హెడ్ యాంగిల్ (ముందు స్టీరింగ్ గొట్టం నేలతో చేసే కోణం) 73 డిగ్రీలు, చైన్‌స్టే (పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా) 385 మి.మీ., వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) 1010 మి.మీ. బీబీ (పెడల్ ఇరుసు) చక్రాల ఇరుసుల గీత కన్నా 25 మి.మీ. పైన ఉంది. ముందు క్రోమోలీ రిజిడ్ (స్ప్రింగు లేని) ఫోర్క్, ఇరుసు నుంచి క్రౌన్ (ఫోర్క్ కాళ్లు పైన కలిసే చోటు) దాకా 400 మి.మీ. హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ముందు గొట్టం) పాత పద్ధతి 1-1/8 అంగుళాలు, బేరింగ్ కప్పులు 34 మి.మీ. ముందు డిస్క్ 160, హబ్ 100 మి.మీ. బోల్టులది. టైరు 2.2, గాలి 45 పీఎస్‌ఐ. నా బరువు 70 కిలోలు.

మీటరు, మీటరున్నర గోడల మీంచి సిమెంటు మీదకి డ్రాప్‌లు చేస్తుంటే మణికట్లు పట్టేస్తున్నాయి. 100 మి.మీ. ట్రావెల్ (కుంగే దూరం) ఉన్న డర్ట్ జంప్ (డీజే, మట్టి దిబ్బల మీద ఎగరడానికి చేసిన) సస్పెన్షన్ ఫోర్క్ వేద్దామని చూస్తున్నాను, మార్జోకీ బాంబర్ డీజే గానీ రాక్‌షాక్స్ పైక్ డీజే గానీ. హాప్‌లు (గెంతడం), ఎండోలు (ముందు బ్రేకు పట్టి వెనక చక్రం లేపడం), ట్యాప్‌లు (ముందు టైరుని గోడ అంచుకి తాకించి పైకెక్కడం) ఎంతవరకు దెబ్బతింటాయి? లాకౌట్ (ఫోర్క్ కుంగకుండా బిగించే ఏర్పాటు) ఉన్నది తీసుకుంటే రెండు రకాలుగానూ వాడుకోవచ్చా?

కొలతబద్ద:
షాక్ మెత్తనా గట్టా అన్నది తర్వాతి మాట. ముందు పొడవు చూడండి, ఎందుకంటే మీ ఫ్రేమ్ 400 మి.మీ. ఫోర్క్‌కి గీసిన ఫ్రేమ్.

26 అంగుళాల డర్ట్ జంప్ ఫోర్క్ 100 మి.మీ. ట్రావెల్‌తో ఇరుసు నుంచి క్రౌన్ దాకా ఇంచుమించు 480 ఉంటుంది. మీరు ఎక్కి నిలబడితే ఒక 10 మి.మీ. దిగుతుందనుకుందాం, 470. అంటే ఇప్పటికన్నా 70 ఎక్కువ. ఫోర్క్ వాలుగా ఉంటుంది కాబట్టి బండి ముందుభాగం నిజంగా లేచేది 67 దాకా. 1010 వీల్‌బేస్ మీద అది 3.8 డిగ్రీలు. మీ 73 కాస్తా 69 దగ్గరికి వస్తుంది. బీబీ వెనక ఇరుసు నుంచి 385 దూరంలో ఉంది కాబట్టి 67లో అదే వాటా, అంటే 25 మి.మీ. లేస్తుంది. +25 ఉన్నది +50 అవుతుంది. హెడ్ ట్యూబ్ పైఅంచు బీబీకి 550 పైన ఉంటే రీచ్ (బీబీ నుంచి ఆ అంచు ఎంత ముందుకుందో ఆ దూరం) 35 మి.మీ. పైగా తగ్గిపోతుంది.

తొక్కేటప్పుడు తేడా ఇలా తెలుస్తుంది. హ్యాండిల్ పొట్ట మీదకి వస్తుంది. వెనక చక్రం మీద నిలబడి హాప్ చేయడం తేలికే అవుతుంది, కానీ మాన్యువల్‌లో (పెడల్ తొక్కకుండా వెనక చక్రం మీద సాగడం) నిలిచే చోటు మారిపోతుంది. ముందు చక్రం మీద చేసేవన్నీ బరువెక్కుతాయి. నిలబడిన చోటే హ్యాండిల్ తిప్పుతుంటే 69 డిగ్రీల్లో ముందు చక్రం పక్కకి పడిపోయేలా లాగుతుంది. ట్రాక్‌స్టాండ్ (కాలు దించకుండా ఒకే చోట నిలబడడం) మీదే బతికే బండికి ఇది చిన్న సంగతి కాదు. పొడవాటి స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) వేసి రీచ్ వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ యాంగిల్ మాత్రం తిరిగి రాదు.

ఇంకోటి, ఫోర్క్ పొడవు పెరిగే కొద్దీ హెడ్ ట్యూబ్ మీద పడే మీట బలం పెరుగుతుంది. డౌన్ ట్యూబ్, హెడ్ ట్యూబ్ కలిసే వెల్డు అడుగున మొదట చీలిక వచ్చేది అందుకే. ఫ్రేమ్ చేసినవాళ్లు ఫోర్క్ పొడవుకి హద్దు రాసి ఉంటే అది దాటొద్దు.

కొన్ని స్ట్రీట్ ఫ్రేమ్‌లు మొదటి నుంచీ సస్పెన్షన్ పొడవుకే గీస్తారు. వాటికి రిజిడ్ వేసినా 440 పైన పొడవున్నదే వేస్తారు. అలాంటి ఫ్రేమ్ అయితే ఇంత లెక్క అక్కర్లేదు. మీది అది కాదు.

24 అంగుళాల బండి వాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెబుతున్నా. 26 ఫోర్క్‌లో 24 చక్రం పెడితే చక్రం వల్ల తగ్గేది 26 మి.మీ. మాత్రమే. 24 రిజిడ్ ఫోర్క్‌లు 26 వాటికన్నా పొట్టివి, కాబట్టి ఆ తగ్గుదల అందులోనే చెల్లిపోతుంది.

ఒంటివేలు:
పొడవు సంగతి పైన వచ్చేసింది. అడిగిన హాప్, ఎండో, ట్యాప్ సంగతి నేను చెబుతాను.

ట్రయల్స్‌లో లేచే ఎత్తు అంతా నేలని నొక్కిన నొక్కుడులోంచి వస్తుంది. టైరు నొక్కుకుంటుంది, వెంటనే తిరిగి తంతుంది. మధ్యలో 100 మి.మీ. స్ప్రింగు ఉంటే మీ నొక్కుడు ముందు అందులోకి పోతుంది, తిరిగొచ్చేది రీబౌండ్ ఆయిల్ ఒప్పుకున్నంత వేగంతోనే. బన్నీ హాప్‌కి దీన్ని అలవాటు చేసుకోవచ్చు, సగం పని వెనక చక్రానిదే కాబట్టి. ట్యాప్‌కి కుదరదు. ముందు టైరు గోడ అంచుని తాకిన క్షణంలో అది మిమ్మల్ని వెనక్కీ పైకీ నెట్టాలి. సస్పెన్షన్ ఆ దెబ్బని మింగేస్తే ఛాతీ గోడ వైపు పోతుంది, వెనక చక్రం అంచు కిందే ఆగిపోతుంది. కాలి పిక్కకి పెడల్ పిన్నులు తగిలేది అక్కడే.

ఎండోలో ముందు బ్రేకు పట్టగానే ఫోర్క్ 50 మి.మీ. కుంగితే యాంగిల్ రెండున్నర డిగ్రీలకి పైగా నిటారవుతుంది, బరువు అనుకున్నదానికన్నా ముందుకి పోతుంది. 180 తిప్పి వెనక చక్రం దించేలోపు ఫోర్క్ తిరిగి లేస్తుంది. ఒక్క కదలికలో బండి రెండు కొలతలు మారుతుంది.

ఇక మణికట్లు. 2.2 టైరులో 45 పీఎస్‌ఐ, 70 కిలోల మనిషికి రాయి. ముందు 2.4 టైరు వేసి 30తో మొదలుపెట్టండి. రిమ్ నేలకి తగిలిన టక్ మన్న చప్పుడు వినిపిస్తే 2 పెంచండి, వినిపించకపోతే 1 తగ్గించండి. వెడల్పు టైరు వేసే ముందు ఫోర్క్ కాళ్ల మధ్య రెండు పక్కలా 5 మి.మీ. ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

బ్రేకు లివరు కోణం కూడా సరిచూడండి. పెడల్స్ మీద మోకాళ్లు వంచి డ్రాప్‌కి సిద్ధంగా నిలబడినప్పుడు మోచేయి నుంచి లివరు మీది వేలు దాకా ఒకే గీతలో ఉండాలి. సీటు మీద కూర్చున్నట్టు సర్దిన లివరు ఇక్కడ పనికిరాదు. లివరు మరీ పైకి ఉంటే అరచేయి వెనక్కి విరిగినట్టై ప్రతి డ్రాప్ నేరుగా మణికట్టు ఎముకలోకి దిగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, రెండు చక్రాలూ ఒకేసారి దించుతున్నారా? చదును నేల మీద అలా దిగితే ఏ ఫోర్క్ వేసినా సగం భారం చేతుల మీదే. వెనక చక్రం ఒక క్షణం ముందు తాకాలి, వెనక బ్రేకు బిగించి ఉండాలి, మోకాళ్లు కుంగాలి, ఆ తర్వాత ముందు చక్రాన్ని తెచ్చి పెట్టాలి, పడనివ్వకూడదు. మీటరున్నర మీంచి కాదు, రెండు మెట్ల ఎత్తు నుంచి చేసి చూడండి. దిగాక హ్యాండిల్ నుంచి దెబ్బ రాకూడదు. ఆ ఎత్తులో వస్తే పైన ఇంకా ఎక్కువ వస్తుంది.

కర్బ్26:
ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు చక్రాలూ ఒకేసారి దించుతున్న మాట నిజమే, వీడియోలో తెలిసిపోతోంది. ఒకవేళ ట్రావెల్ 80కి తగ్గించి, గాలి గట్టిగా కొట్టి, అవసరమైనప్పుడు లాకౌట్ వేసుకుంటే?

వర్క్‌షాప్_బల్ల:
ముందు మీరు చెప్పిన ఆ రెండు ఫోర్క్‌లూ మీ బండికి బిగుస్తాయా చూద్దాం.

బాంబర్ డీజే, పైక్ డీజే రెండిటికీ స్టీరర్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్‌లోకి దూరే గొట్టం) టేపర్డ్, అంటే కిందకి లావయ్యేది. కింద 1.5 అంగుళాలు. మీ 34 మి.మీ. కప్పుల హెడ్ ట్యూబ్‌లోకి అది దూరదు, అడాప్టర్ కూడా లేదు. 44 మి.మీ. హెడ్ ట్యూబ్ అయి ఉంటే కింద బయటి కప్పు వేసి బిగించవచ్చు, అయితే ఆ కప్పు ముందుభాగాన్ని ఇంకో 10 మి.మీ. పైగా లేపుతుంది. మీకు నిటారు 1-1/8 స్టీరర్ ఉన్న ఫోర్క్ కావాలి. వాడినది కొంటే క్రౌన్ దగ్గర స్టీరర్ కదులుతోందా, కాళ్ల పై పూతలో గోరుకి తగిలే గీత ఉందా చూసి కొనండి.

తర్వాత హబ్. బాంబర్ డీజేకి 20×110 ఇరుసు, పైక్ డీజేకి 15×100. మీ బోల్టుల హబ్ రెండిట్లోనూ పట్టదు. కొత్త హబ్, కొత్త స్పోకులు, చక్రం మళ్లీ అల్లించడం. బ్రేకు కాలిపర్ బిగింపు ఐఎస్ పద్ధతిలో ఉంటే పోస్ట్ మౌంట్ పద్ధతికి మార్చాలి. రిమ్ బ్రేకు వాడేవాళ్లకి దారే లేదు, ఈ ఫోర్క్‌లకి డిస్క్ మౌంట్ మాత్రమే ఉంటుంది. బరువు సంగతి: క్రోమోలీ రిజిడ్ 1.1 కిలో దగ్గర ఉంటే ఇవి 2 కిలోల చుట్టూ. పెరిగేదంతా హ్యాండిల్‌కి ముందే.

80కి తగ్గిస్తే పొడవు 460, కుంగాక 452. కొలతబద్ద గారి లెక్కలోనే వేస్తే హెడ్ యాంగిల్ 70.2, బీబీ +44. నష్టం తగ్గింది, పోలేదు.

లాకౌట్ నమ్ముకోవద్దు. అది రోడ్డు మీద పెడల్ తొక్కేటప్పుడు ఊగకుండా ఆయిల్ దారి మూసే ఏర్పాటు. మీటరు డ్రాప్ దానిమీద పడితే లోపలి వాల్వు తెరుచుకుంటే సరి, లేదంటే ఆ ఒత్తిడి సీళ్లు మోయాలి. కాలి లోపల ఆయిల్ కారి, ఫోర్క్ దిగుతూ లేస్తూ చప్పుడు చేయడం మొదలెడితే డ్యాంపర్ (కదలికని నెమ్మదింపజేసే ఆయిల్ భాగం) పోయిందని అర్థం.

వేసి తీరాలంటే సెట్టింగ్ ఇలా పెట్టండి. నిలబడి చూస్తే 10 శాతానికి మించి కుంగకుండా గాలి. ఎయిర్ గదిలో ఒకటో రెండో టోకెన్లు (గదిలో ఖాళీ తగ్గించే ముక్కలు), మొదట్లో మరీ రాయిలా ఉండకుండా చివర గట్టిపడేలా. లో-స్పీడ్ కంప్రెషన్ (మెల్లగా కుంగడాన్ని అదుపు చేసే మర) ముప్పావు వంతు మూసి. రీబౌండ్ (తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే మర) పూర్తిగా తెరిచి, డ్రాప్ దిగాక హ్యాండిల్ చేతుల్ని తంతుంటే ఒక్కో క్లిక్కు మూయండి. 50 గంటలకోసారి కాళ్లు దించి ఆయిల్, ఫోమ్ రింగులు మార్చాలి. మన దుమ్ములో ఇంకా ముందే.

కొలతబద్ద:
సస్పెన్షన్ తప్పని కాదు, ఆ పనికి ఆ బండి. 2009లో వచ్చిన వీడియోలో ఎడిన్‌బరాలో మొనదేలిన ఇనుప కంచె మీద నడిపిన స్కాట్లాండ్ ట్రయల్స్ రైడర్ డానీ మెకాస్కిల్ చేతిలో ఉన్నది 24 అంగుళాల రిజిడ్. 2014లో స్కాట్లాండ్‌లోని స్కై దీవి కూలిన్ శిఖరాల మీదకి ఆయన తీసుకెళ్లింది ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న ట్రైల్ బండి. మెట్లు, గోడలు, రెయిళ్ల దగ్గర రిజిడ్ ఉంచుకోండి.

ఉంచుకునేటట్టయితే ఆ రిజిడ్‌ని ఒకసారి బయటకి తీయండి. మీటరున్నర డ్రాప్‌లు తిన్న ఫోర్క్ అది. క్రోమోలీ ముందు వంగుతుంది, అల్యూమినియం చెప్పకుండా చీలుతుంది, కానీ క్రోమోలీ కూడా వెల్డు పక్కన చీలుతుంది. స్టెమ్ వదులు చేసి ఫోర్క్ దించండి. క్రౌన్ రేస్ (కింది బేరింగ్ కూర్చునే వలయం) పైన స్టీరర్ మొదలు, కాళ్లు క్రౌన్‌కి కలిసే చోటు, ఎడమ కాలి మీద డిస్క్ మౌంట్ వెల్డు, ఈ మూడూ గ్రీజు పోయేదాకా తుడవండి. పలచగా కిరోసిన్ రాసి పది నిమిషాలు ఉంచి, పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, పైన సుద్దపొడి అద్దండి. చీలిక ఉంటే లోపల దాగిన కిరోసిన్ కాసేపటికి పొడిలోకి ఊరి సన్నటి తడి గీత గీస్తుంది. వెంట్రుకంత గీత కనిపించినా ఫోర్క్ మార్చండి, వెల్డు చేయించొద్దు.

తిరిగి బిగించేటప్పుడు ముందు టాప్ క్యాప్, తర్వాతే స్టెమ్ బోల్టులు, 5–6 న్యూటన్ మీటర్లు. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపుతూ రెండో చేతి వేళ్లు కింది కప్పు మీద పెట్టండి. అక్కడ టిక్కుమంటే హెడ్‌సెట్ (స్టీరర్ బేరింగులు) ఇంకా వదులే.

కర్బ్26:
ఫోర్క్ ఆలోచన మానేశాను. 2.4 టైరు పడుతుందో లేదో కొలిచాను, రెండు పక్కలా 6 మి.మీ. మిగులుతోంది. లివరు ఒక వేలు వెడల్పు కిందకి తిప్పాను. సుద్దపొడి పరీక్ష ఆదివారం చేసి, గీత కనిపిస్తే ఫొటో ఇక్కడే పెడతాను.