ప్రేరిత భూకంపమా, రేపిన భూకంపమా?

ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. విషయం భూతాపశక్తి. లోతుగా బోరు వేసి, వేడెక్కి ఉన్న రాతిలోకి ఒత్తిడితో నీళ్లు ఎక్కిస్తారు. రాతిలో సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి. నీళ్లు వాటిల్లో తిరిగి, వేడెక్కి, ఇంకో బోరులోంచి పైకి వస్తాయి. ఆ వేడితో కరెంటు తీస్తారు. ఈ పనిలో నేల అదురుతుంది. చాలావరకు మనిషికి తెలియనంత చిన్న అదురులే. వీటిని ఏమనాలి? మొదట "కృత్రిమ భూకంపం" అని రాస్తే, సరిచూసే ఆయన "సినిమా సెట్టింగులా ఉంది" అని కొట్టేశారు. "ప్రేరిత భూకంపం" అంటేనేమో, ఎవరో స్ఫూర్తినిస్తే వచ్చినట్టు వినిపిస్తోంది నాకు. మీరేమంటారు?

వ్యాఖ్య: "కృత్రిమ" పోవాల్సిందేనండీ. నీళ్లు భూకంపాన్ని తయారు చేయవు. వేడినీళ్లతో కడిగిన గాజు గ్లాసును కాస్త వాలుగా ఉన్న నున్నటి తడి గట్టు మీద బోర్లించి చూడండి. ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే జర్రున జారుతుంది. లోపల చిక్కుకున్న గాలి వేడికి ఉబ్బి గ్లాసును వెంట్రుకవాసి పైకి లేపుతుంది, అంచు పట్టు సడలుతుంది. జార్చింది మాత్రం గాలి కాదు, గట్టు వాలు. భూమి లోపలా అంతే. భ్రంశానికి, అంటే రాయి జరిగిన పగులుకు, రెండు పక్కలా ఉన్న రాయి ఎన్నో ఏళ్లుగా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, రాపిడి వల్ల కదల్లేక బిగుసుకుని ఉంటుంది. సందులోకి చేరిన నీటి ఒత్తిడి రెండు ముఖాలనూ ఎడంగా తోస్తుంది. పట్టు సడలగానే జారుతుంది. అన్నట్టు, భ్రంశం అంటేనే జారడం. ఉత్త పగులును భ్రంశం అనరు, రెండు వైపులా రాయి జరిగి ఉండాలి.

వ్యాఖ్య: "ప్రేరిత"ను అంత తేలిగ్గా తీసేయకమ్మా. ఈ మధ్య ప్రేరణ అంటే స్ఫూర్తి ఒక్కటే అనుకుంటున్నారు. ఫిజిక్సులో ప్రేరిత విద్యుత్తు ఉంది, దానికెవరు స్ఫూర్తినిచ్చారు? వ్యాకరణంలో చేయించు, తినిపించు లాంటివి ప్రేరణార్థకాలు. "ఇల్లు కట్టించాను" అంటే ఇటుక పేర్చింది నేను కాదు, మేస్త్రీ. నీళ్లు చేయించాయి, రాయి చేసింది. ఇంతకన్నా సరిపోయే మాట ఎక్కడ దొరుకుతుంది?

వ్యాఖ్య: మాస్టారూ, మీ దారిలోనే ఇంకోటి పట్టుకొస్తాను. ఆగు-ఆపు, ఊగు-ఊపు, రేగు-రేపు. పాత గాయం రేపడం, పగ రేపడం, తేనెటీగల్ని రేపడం. లేనిదాన్ని రేపలేం. గాయం ముందే ఉండాలి, తుట్టెలో ఈగలు ముందే ఉండాలి. "కట్టించు"లో ఆ సంగతి లేదు, కట్టించక ముందు ఇల్లే లేదు కదా. అందుకని నా ఓటు "నీరు రేపిన భూకంపం".

వ్యాఖ్య: మాట బాగుంది గానీ, హెడ్డింగులో "నీటి ఒత్తిడి రేపు భూకంపం" అని పడిందనుకోండి, జనం ఇవాళే సామాను సర్దుకుంటారు.

వ్యాఖ్య (గ్లాసు సంగతి చెప్పింది నేనే): స్విట్జర్లాండులోని బాసెల్ కూడా "రేపు"కే ఓటేస్తుంది. 1356లో ఆ ఊరిని పెద్ద భూకంపం కూల్చేసింది. అంటే కింద బిగువు ఏనాటి నుంచో ఉంది. 2006 డిసెంబరులో అక్కడ దాదాపు 5 కిలోమీటర్ల లోతు బోరులోకి ఆరు రోజుల్లో సుమారు 11,500 ఘనపు మీటర్ల నీళ్లు ఎక్కించారు. అదురు పెరుగుతోందని 8వ తేదీన ఆపేశారు. ఆపిన కొన్ని గంటలకు 3.4 తీవ్రతతో వచ్చింది. గోడల పూత సన్నగా బీటలిచ్చింది. 2009లో ప్రాజెక్టుకు పూర్తిగా స్వస్తి చెప్పారు. ఎక్కించడం ఆపినా లోపల ఒత్తిడి పాకుతూనే ఉంటుంది. రేపిన చెయ్యి వెనక్కి తీసుకున్నంత మాత్రాన ఈగలు సర్దుకోవు.

దక్షిణ కొరియాలోని పొహాంగ్‌లో ఇంకా ఘోరం. 2017 సెప్టెంబరులో చివరిసారి నీళ్లు ఎక్కించారు, నవంబరు 15న 5.4 తీవ్రతతో భూకంపం. పదుల మంది గాయపడ్డారు. 2019 మార్చిలో ప్రభుత్వ విచారణ సంఘం కారణం తేలుస్తూ, మాట దగ్గర మనలాగే ఆగింది. వాళ్ల భాషలో "యూబల్" వేరు, "చొక్‌బల్" వేరు. నీటి ఒత్తిడి చేరిన మేరకే రాయి కదిలితే మొదటిది. ముందే తెగడానికి సిద్ధంగా ఉన్న భ్రంశాన్ని కదిపి, అది నీళ్లు చేరిన మేరను దాటి పెద్దదైతే రెండోది. పొహాంగ్‌ది రెండోదని తేల్చారు.

వ్యాఖ్య: అయితే పేచీ లేదు. మొదటిదానికి నా "ప్రేరిత", రెండోదానికి మీ "రేపిన". భూమి లోపల ఈ రెంటి మధ్య గీత అంత తిన్నగా ఉండదనుకోండి.

అందరికీ థ్యాంక్స్. చిన్నవాటికి "ప్రేరిత", పొహాంగ్ దగ్గర "నీరు రేపిన భూకంపం" అని రాసి పంపాను. ఇప్పుడే తిరిగొచ్చింది. "ప్రేరిత" జోలికి వెళ్లలేదు. "రేపిన"ను మాత్రం అచ్చుతప్పు అనుకుని "రేపటి" అని దిద్దారు.