డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగం ఇప్పుడు ఆడొచ్చా?

ప్రశ్న: అన్నా, ఈ జపాన్ వీడియోగేమ్ సిరీస్‌లో పదకొండో భాగం పూర్తిచేశాను. 1986లో వచ్చిన మొదటిది ఆడితే విసుగొస్తుందా?

జవాబు: రాదు తమ్ముడూ. ఆట మొత్తం 64 కిలోబైట్లే. ఆట రూపకర్త యూజీ హోరీ ముద్దలా గీసిచ్చిన స్లైమ్ అనే చిన్న రాక్షసిని చిత్రకారుడు అకిరా తోరియామా నీటిబొట్టులా మార్చింది అందులోనే. ఆ నవ్వుముఖం చూస్తే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

జవాబు: ఒసాకాలో చదివేటప్పుడు పాత ఫామికామ్ (నింటెండో గేమ్ మెషిన్) కొని ఆడాను. సేవ్ ఉండదు, 20 హిరగానా (జపనీస్ లిపి) అక్షరాల పాస్‌వర్డ్ రాసుకోవాలి. రెండో భాగంలో 52 దాకా! హిరగానాలో ‘ను’, ‘మె’ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకటి తప్పు రాసుకున్నాను, రాత్రంతా ఆడింది పోయింది. 1988లో మూడో భాగం కార్ట్రిడ్జ్‌లో (ఆట ఉండే పెట్టెలో) సేవ్ కోసం బ్యాటరీ పెట్టాకే ఆ టెన్షన్ తగ్గింది.

ప్రశ్న అడిగినవాణ్ణి: ఈ రాత్రికే మొదలుపెడతాను అన్నా. నోట్‌బుక్ పక్కనే పెట్టుకున్నాను.